గాజు తొట్టిలో మన చెరువు చేపలు

మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉత్తరపు కిటికీ ప్రక్కన ఒక గాజు తొట్టి కలదు. దాని పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు. అందులో 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు నింపుదుము. లెక్క కట్టినచో 108 లీటర్లగును. కళాశాలకు వచ్చు తల్లిదండ్రులును, తనిఖీకి వచ్చు పెద్దలును ఆ తొట్టి ముందు నిలిచి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇందులో గోల్డ్ ఫిష్ లేవా?" లేవు. ఏంజెల్ చేపయు లేదు, గప్పీయు లేదు. ఉన్నవన్నియు మన ఊరి చుట్టుప్రక్కల కుంటలలో, కాలువలలో వలకు చిక్కి, కూరకు పనికిరావని గట్టున పారవేయబడు చిన్న చేపలు. ఈ మాట వినగానే కొందరి ముఖములలో ఆసక్తి సన్నగిల్లుట మేము చూచుచునే యున్నాము. ఈ వ్యాసము వారి కొరకే వ్రాయుచున్నాము.

గోల్డ్ ఫిష్ చైనా దేశపు చేప. ఏంజెల్ చేప అమెజాను నదిది. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరమునుండి వచ్చినది. వీనిని పెంచుట తప్పని మేము అనము. కాని మన దుకాణములలో చారల చేప యొకటి అమ్ముదురు. వ్రేలంత పొడవు కూడ ఉండదు; వెండి ఒంటిమీద తలనుండి తోక వరకు నీలి చారలు. దానిని మేము కొన్ననాడు దుకాణదారుడు "ఇది ఫారిన్ రకం సార్" అని చెప్పెను. నిజమునకు అది గంగా, బ్రహ్మపుత్రా పరివాహక ప్రాంతముల చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను వైద్యుడు గంగానది చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథములో దానిని మొదట వర్ణించెను. అటుపిమ్మట అది సముద్రములు దాటి పాశ్చాత్యుల తొట్లలో పెరిగినది. అమెరికాలోని ఒరిగన్ విశ్వవిద్యాలయమున జార్జ్ స్ట్రైసింగర్ అను శాస్త్రజ్ఞుడు దానిని జన్యుశాస్త్ర ప్రయోగములకు తెచ్చి 1981లో తన ఫలితములను ప్రకటించెను. 2013లో దాని జన్యుపటము పూర్తిగా వెలువడినది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడ నేడు దానిపై పరిశోధనలు చేయుచున్నారు. మన కాలువలో పుట్టినది ప్రపంచము చుట్టి వచ్చి మనకే పరదేశిగా అమ్ముడుపోవుచున్నది!

ఇంకొక ఉదాహరణము చెప్పిన బాధ కలుగును. మన నీళ్ళలో గాజువలె పారదర్శకమైన చేప యొకటి కలదు. వెలుతురునకు ఎదురుగా పట్టినచో దాని వెన్నెముకయు, ముల్లులును బయటనుండియే కనబడును. అంతటి వింత చాలదని కాబోలు, వ్యాపారులు సూదితో దాని ఒంటిలోనికి ఆకుపచ్చ, గులాబి రంగులు ఎక్కించి "రంగు చేప" యని అమ్మిరి. ఆ రంగు కొన్ని మాసములలో వెలిసిపోవును. సూది పోటువలన చాల చేపలు అంతకు ముందే చచ్చును.

మన చేపలను మన పేర్లతోనే లోకమునకు చూపిన పాతకాలపు పండితుడు లేకపోలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణములో సేకరించిన 200 చేపల చిత్రములతో, వర్ణనలతో 1803లో రెండు సంపుటములు వెలువరించెను. బెస్తవారు ఏ పేరు చెప్పిరో ఆ తెలుగు పేరునే ఆయన చేపకు పెట్టెను. అవి సముద్రపు చేపలు. ఊరి కుంటలలోని చిన్న చేపలకు మాత్రము నేటికిని చాలచోట్ల "పరకలు" అను ఒక్క పేరుతోనే సరిపెట్టుచున్నాము. పేరు లేని దానిని కోల్పోయినను ఎవరికిని తెలియదు గదా!

ఇక తొట్టి సంగతి. 2021లో దీనిని మొదలుపెట్టినప్పుడు మేము చేసిన తప్పు మేమే చెప్పుకొనవలెను. మునిసిపల్ కుళాయి నీరు పట్టి, ఇసుక పరచి, మరునాడే ఇరువది చేపలను వదలితిమి. అయిదవ నాటికి పదమూడు చచ్చినవి. మూడవ సంవత్సరపు విద్యార్థులు తెల్లబోయిరి. మేము అంతకంటె ఎక్కువగా తెల్లబోతిమి. పాఠ్యపుస్తకములో నత్రజని చక్రమును ఏటేట బోధించుచు, దానిని కన్నుల ముందున్న తొట్టికి అన్వయించుకొనకపోవుటయే అందులకు కారణము.

చేప మొప్పలనుండి ఎడతెగక అమ్మోనియా వెలువడును. మిగిలిన మేత కుళ్ళినను అమ్మోనియాయే పుట్టును. ఇది విషము. చెరువులో దీనిని బాక్టీరియాలు మొదట నైట్రైట్‌గను, పిమ్మట నైట్రేట్‌గను మార్చును. నైట్రైట్ కూడ విషమే. నైట్రేట్ అంత ప్రమాదకరము కాదు, నీటి మొక్కలు దానిని ఎరువుగా వాడుకొనును. క్రొత్త తొట్టిలో ఈ బాక్టీరియాలు ఉండవు. అవి గులకరాళ్ళ మీద, స్పాంజి మీద స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారముల కాలము పట్టును. పైగా మన దక్కను బావినీరు, కుళాయి నీరు తరచు క్షారగుణము కలవి. క్షారజలములో అమ్మోనియా యొక్క విషభాగము హెచ్చును. కావున ఇంగ్లీషు పుస్తకములలో మెత్తని నీటికి చెప్పిన అంకెలు చూచి మనము ధైర్యము తెచ్చుకొనరాదు.

కుళాయి నీటిలోని క్లోరిన్ మరియొక శత్రువు. వెడల్పాటి తొట్టిలో మూత లేకుండ ఒక దినము నిలువ ఉంచినచో అది చాలవరకు పోవును. తొందర యున్నచో ఫొటో స్టూడియోవారు వాడెడి హైపో స్ఫటికములు కొద్దిగా వేయవచ్చును. రెండవ ప్రయత్నములో మేము చెరువు అడుగునుండి తెచ్చిన గులకరాళ్ళను స్పాంజి వడపోతతో కలిపి, అయిదు వారములు కేవలము నాలుగు చేపలతో నడిపితిమి. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మాత్రము మార్చితిమి. అప్పటినుండి మరణములు నిలిచినవి. మా ప్రయోగశాల అటెండరు చాచా ఈ విషయమును మాకంటె క్లుప్తముగా చెప్పెను: "మచ్లీ కు నక్కో పాలో సాబ్, పానీ కు పాలో." చేపను కాదు, నీటిని పెంచుడని ఆయన అభిప్రాయము.

వేసవి మరొక పరీక్ష. ఒక లీటరు నీటిలో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కినకొలది చేపకు ప్రాణవాయువు అవసరము హెచ్చును, నీటిలో అది తగ్గును. మే నెలలో తొట్టిమీద తడిగుడ్డ కప్పి, ఫ్యాను గాలి తగులునట్లు చేయుటకంటె మా వద్ద వేరు సాధనము లేదు. అది చాలినది.

ఈ తొట్టిలో ఎవరెవరు కలరో చెప్పుదుము. తోక మొదట నల్లని చుక్క గల పరకలు గుంపుగా తిరుగును. సన్నని ఇసుకలో ఒడలు దాచి ముక్కు మాత్రము బయటపెట్టి పగలంతయు పడుకొను బొమ్మిడాయి యొకటి కలదు. చీకటి పడిన పిమ్మటనే అది వేటకు వెడలును. నీటి పైపొరలోనే తిరుగుచు, నెత్తిమీద వెండి చుక్క మెరయు చిన్న చేపలు కొన్ని కలవు. శాస్త్రములో వీనిని అప్లోకైలస్ అందురు. మా విద్యార్థులు "చుక్కచేప" యని పిలుచుకొందురు. మేమును అదే పేరు వాడుదుము. దోమపిల్లలను ఇవి మిక్కిలి ఇష్టముగా తినును. 1928లో దోమల నివారణ కొరకని ఇటలీనుండి గంబూసియా చేపను మన దేశమునకు తెచ్చిరి. అది దోమపిల్లలతోపాటు మన చేపల గుడ్లను, పిల్లలను కూడ తినును. ఇంటిలోనే ఉన్న పనివానిని చూడక ఎక్కడినుండియో కూలివానిని తెచ్చినట్లయినది.

కొర్రమీనును కూడ పెంచబూనితిమి. హైదరాబాదు బజారులో మురెల్ అనబడు ఈ చేప తెలంగాణ రాష్ట్ర మత్స్యము. మూడంగుళముల పిల్లను తెచ్చి వదలితిమి. పది దినములలో పరకల సంఖ్య సగమైనది. దొంగ ఎవరో తెలియుటకు పోలీసులు అవసరము లేకపోయినది. దానిని వేరు తొట్టికి మార్చి గమనించితిమి. మొప్పలతోపాటు దీనికి గాలి పీల్చు అవయవము కలదు. కొద్ది నిమిషములకొకసారి పైకివచ్చి గాలి మింగును. పైకి రానీయక వల అడ్డుపెట్టినచో నీటిలోని చేప నీటిలోనే ఊపిరాడక చచ్చునన్న మాట విద్యార్థులు మొదట నమ్మలేదు. తల్లిదండ్రులు రెండును పిల్లలను కాచుకొని తిరుగును. ఎర్రని పిల్లల మంద నీటిమీద తేలుచు పోవుచుండగా జాలరి ఆ మంద గురుతుతోనే క్రింద నున్న పెద్ద చేపను పట్టును. పెద్దది పోయినచో పిల్లల మంద యంతయు తక్కిన చేపలకు ఆహారమగును. ఒక ముసలి జాలరి మాతో, "మా తాతలు పిల్లలున్న మీనును పట్టనిచ్చెడివారు కారు సారూ, ఇప్పుడు ఎవడు వింటడు?" అనెను.

దేశీయ చేపలను పెంచుట మొదలుపెట్టగానే వానికి మేలు జరుగునని భ్రమ పడరాదు. కేరళలోని పడమటి కనుమల వాగులలో ఎర్రగీత చేప యొకటి కలదు. ఫ్రాన్సిస్ డే అను శాస్త్రవేత్త 1865లో దానిని వర్ణించెను. వ్యాపారులు "మిస్ కేరళ" యని పేరు పెట్టిరి. ఒంటిమీద ఎర్రగీత, నల్లగీత, తోకమీద పసుపు, నలుపు మచ్చలు గల అందమైన చేప. విదేశములలో ధర పలుకుటచే వాగులలో వలలు పడినవి. 2005 నుండి 2012 వరకు మన దేశమునుండి ఎగుమతియైన ఎర్రగీత చేపలు మూడు లక్షలకు పైగా ఉన్నవని పరిశోధకులు లెక్కగట్టిరి. అదే కాలములో కృష్ణానది ఎగువ వాగులలో నివసించు చారల లోచ్ కూడ వేలకొలది పట్టుబడినది. రెండును నేడు అంతర్జాతీయ ఎర్రజాబితాలో ఆపదలో నున్న జాతులుగా నమోదైయున్నవి. 2008లో కేరళ ప్రభుత్వము ఎర్రగీత చేపను పట్టుటపై కొన్ని నెలల నిషేధము విధించినది. కాని నిషేధపు నెలలకును, అది గుడ్లుపెట్టు నెలలకును పొంతన లేదని పిమ్మట జరిగిన పరిశోధనలో తేలినది. చేప ఎప్పుడు గుడ్లు పెట్టునో తెలియక చేసిన చట్టము చేపకు ఉపకరించలేదు. కావుననే మా విద్యార్థులకు ఒక నియమము పెట్టితిమి: ఎర్రజాబితాలోని చేపను వాగునుండి పట్టరాదు, పట్టినదానిని కొనరాదు, తొట్టిలో పుట్టినదని ఋజువున్నచో మాత్రమే తేవలెను.

తొట్టి ఒక జాతిని నిలబెట్టిన సందర్భములు లేకపోలేదు. మెక్సికో దేశములో తెవుచిత్లాన్ అను చిన్న నది కలదు. అందు మాత్రమే బ్రతికిన రెండు మూడంగుళముల చేపను అచ్చటి టెకీలా కొండ పేరున "టెకీలా చేప" యందురు. కాలుష్యము వలనను, బయటి చేపల వలనను అది నదినుండి పూర్తిగా మాయమైనది. కాని అంతకు ముందే కొందరు ఔత్సాహికులు దానిని ఇండ్లలోని తొట్లలో పెంచుచుండిరి. 1998లో ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలనుండి అయిదు జంటలు మెక్సికోలోని మిచోవాకాన్ విశ్వవిద్యాలయమునకు చేరినవి. పది చేపలు! వాని సంతతిని దాదాపు పదునైదేండ్లు తొట్లలో పెంచి, 2012లో నలుబది జంటలను పెద్ద కుంటలలో వదలి, మేత వెదకుకొనుట, శత్రువులనుండి తప్పించుకొనుట అలవాటు చేయించిరి. రోగములను పరీక్షించిరి. నదిని శుభ్రపరచుటలో ఊరివారిని కలుపుకొనిరి. అటుపిమ్మటనే సుమారు 1500 చేపలను నదిలో వదలిరి. నేడు అవి అచ్చట తమంత తాము పిల్లలు పెట్టుచున్నవి. వదలుట ఒక్క దినపు పని. దానికి ముందు జరిగిన పని ఇరువది ఏండ్లది.

తొందరపడి వదలినచో ఏమగునో మన దేశములోనే కనబడినది. కావేరి నదిలో నారింజ రెక్కలు, ఎత్తైన మూపు గల మహసీర్ కలదు. యాబది కిలోలు దాటి పెరుగు చేప. మహసీర్లు తగ్గిపోవుచున్నవని 1970ల దశకములో మహారాష్ట్రలోని లోణావాలా వద్ద పెంపకము మొదలుపెట్టి, అచ్చటి నీలిరెక్కల మహసీర్ పిల్లలను దేశములోని పెక్కు నదులలో, కావేరిలో కూడ, వదలిరి. ఉద్దేశము మంచిదే. కాని అది వేరు జాతి. క్రమముగా కావేరిలో నీలిరెక్కలది పెరిగినది, మూపుచేప తరిగిపోయినది. ఈ సంగతి ఎట్లు బయటపడినదో గమనించుడు: గాలముతో చేపలు పట్టి తిరిగి వదలు వేటగాండ్రు ఏ దినము ఏ చేప పడినదో ఏండ్ల తరబడి పుస్తకములలో వ్రాసియుంచిరి. ఆ పుస్తకములే సాక్ష్యము చెప్పినవి. మూపుచేప యొక్క సరియైన శాస్త్రీయ నామము నిర్ణయమగుటయు, అది అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతిగా ఎర్రజాబితాకెక్కుటయు 2018లో జరిగినవి. పేరు తెలియునాటికి చేప అంతరించు అంచున ఉన్నది.

ఇంత దూరము ఏల పోతిమనగా, ఇదే ప్రశ్న మా తొట్టి ముందుకును వచ్చినది. చుక్కచేపలను మేము పట్టి తెచ్చినది రహదారి ప్రక్కనున్న చిన్న కుంటనుండి. 2023లో ఆ కుంటను మట్టితో పూడ్చి ఇండ్ల స్థలములు చేసిరి. ఇప్పుడు అచ్చట హద్దురాళ్ళు తప్ప నీరు లేదు. చుక్కచేప జాతికి ఏమియు ప్రమాదము లేదు; దేశములో అది విరివిగా ఉన్నది. కాని ఆ కుంట సంతతి మాత్రము మా 108 లీటర్లలోనే మిగిలినది. తొట్టిలో నీటిమొక్కల వేళ్ళకు అవి జిగురు గుడ్లు అంటించును. పెద్దవి గుడ్లను తినివేయును గనుక ఆ మొక్కలను తీసి వేరు గిన్నెలో ఉంచితిమి. రెండు వారములలో సూదిమొనంత పిల్లలు వచ్చినవి. పచ్చనీటితోను, ఉడికిన కోడిగ్రుడ్డు పచ్చసొనను చిటికెడు నలిపి వేసియు వానిని పెంచితిమి.

వార్షికోత్సవమునాడు ముఖ్య అతిథిచేత ఈ పిల్లలను ఊరి పెద్ద చెరువులో వదలించవలెనని విద్యార్థులు ఉత్సాహపడిరి; పాలకవర్గములోని పెద్దలొకరు కూడ ఆ ఆలోచనను మెచ్చుకొనిరి. ఫొటో బాగుగా వచ్చెడిదే. మేము అంగీకరింపలేదు. పెద్ద చెరువులో చుక్కచేపలు ఇదివరకే కలవు. మా తొట్టిలోని రోగము ఏదైన వానికి అంటవచ్చును. పిడికెడు చేపలనుండి పుట్టిన మా సంతతిని వానితో కలుపుటవలన వానికి లాభము లేదు, మా కుంట గురుతు మాత్రము చెరిగిపోవును. ఆ పెద్దలు మా మాటలు సావధానముగా విని, "అయితే వీటిని ఎన్నాళ్ళు ఉంచుకుంటారండీ?" అని అడిగిరి. సరియైన ప్రశ్న. అదే కుంటకు దిగువన, అదే కాలువమీద నీరు నిలుచు చోటు దొరకువరకు అని మేము సమాధానము చెప్పితిమి. అటువంటి చోటు ఒకటి చూచియున్నాము. కాని అందు దెయ్యము చేప ఉన్నదా లేదా పరీక్షింపవలసియున్నది.

ఆ దెయ్యము చేప కథయు చెప్పవలెను. దుకాణములలో తొట్టి గోడలు శుభ్రము చేయునని అమ్మెడి సక్కర్ చేప దక్షిణ అమెరికాది. జానెడు పెరిగిన పిమ్మట తొట్టిలో పట్టదు. చంపుటకు మనసొప్పక జనులు చెరువులో వదలుదురు. ఒంటినిండ ఎముక పలకలు, ముల్లులు. వలలు చించును, గట్లలో బొరియలు త్రవ్వి గుడ్లు పెట్టును. తెలుగు నేలలోని చెరువులలో ఇప్పుడది విరివిగా పడుచున్నది. ఈ పాఠము చెప్పుచుండగా వెనుక బెంచీలోని విద్యార్థి యొకడు లేచి, "నేనూ ఒకటి వదిలాను సార్, పాపమని" అని ఒప్పుకొనెను. తరగతి నవ్వలేదు. అది వదలదగిన దయ కాదని, అట్టి చేపను దుకాణమునకు తిరిగి ఇచ్చుట గాని, మా ప్రయోగశాలకు తెచ్చుట గాని చేయవలెనని అందరికిని చెప్పితిమి. అప్పటినుండి మూడు వచ్చినవి.

కళాశాల పాలకవర్గమువారికి మా మనవి చిన్నది. ప్రయోగశాల వెనుక వేపచెట్టు నీడలో మూడు సిమెంటు తొట్లు కావలెను. ఒకే గాజు తొట్టి పగిలినచో, ఒక రాత్రి కరెంటు పోయి గాలిపంపు ఆగినచో, ఆ కుంట సంతతి ముగిసినట్లే. మూడుచోట్ల పంచి ఉంచుటయే భద్రము. ప్రతి తొట్టికి ఒక చీటీ అంటించుదుము: ఏ చేప, ఏ కుంట, ఏ తేది, ఎవరు పట్టిరి. ఆ నాలుగు మాటలు లేని చేప అలంకారమునకు తప్ప అధ్యయనమునకు పనికిరాదు. తెలుగు మాధ్యమపు విద్యార్థులును, ఉర్దూ మాధ్యమపు విద్యార్థులును ఒకే నోటుపుస్తకములో వంతులవారీగా వ్రాయుచున్నారు. కావున అది సగము ఎడమనుండి, సగము కుడినుండి మొదలై నడుమ కలియుచున్నది.

ఈ వ్యాసము ముద్రణకు ఇచ్చునాటికి తొట్టిలో పెద్ద చుక్కచేపలు 11, పిల్లలు 46 కలవు. వేసవి సెలవులలో వానికి మేత వేసి నీరు మార్చుటకు ఇద్దరు విద్యార్థులు పేర్లు ఇచ్చిరి. చాచా తన ఊరికి వెళ్ళు పది దినములకు మూడవవారు కావలెను. ఇష్టమున్నవారు ప్రయోగశాలలో పేరు వ్రాయించుకొనవచ్చును.